నోటికి కాదు... నరానికి అన్నం!

మన ఊళ్లలో ఎవరికైనా ఒంట్లో కాస్త నీరసంగా ఉందంటే చాలు, "రెండు గ్లూకోజు బాటిళ్లు ఎక్కించుకోరాదూ, లేచి కూర్చుంటావ్" అనే సలహా పక్కింటి నుంచే వచ్చేస్తుంది. జ్వరమొచ్చి తగ్గినా, కూతురి పెళ్లి చేసి అలిసిపోయినా మందు అదొక్కటే! స్టాండుకు బాటిల్ వేలాడుతూ, చుక్క చుక్క దిగుతూ ఉంటే చూసేవాళ్లకి అదో ధైర్యం. మంచం మీదున్న మనిషి వారం రోజులుగా మెతుకు ముట్టకపోయినా, "బాటిల్ ఎక్కుతోందిగా, ఇంకేం భయం?" అనేవాళ్లే ఎక్కువమంది.

అసలు ఆ బాటిల్లో ఏముంటుందో ఒకసారి లెక్క చూద్దామా? మామూలుగా ఎక్కించే 5 శాతం గ్లూకోజు అరలీటరు బాటిల్లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. అంటే అయిదారు చెంచాల పంచదార అనుకోండి. దాంతో వచ్చే శక్తి 100 కేలరీల లోపే. సెలైన్ బాటిల్ అయితే ఆ మాత్రం కూడా లేదు. అది ఉప్పునీరు, అరలీటరులో నాలుగున్నర గ్రాముల ఉప్పు. జబ్బుతో ఉన్న మనిషికి రోజుకు కిలో బరువుకు 25 నుంచి 30 కేలరీలు కావాలంటారు డాక్టర్లు. 50 కిలోల మనిషికి 1250 నుంచి 1500 అన్నమాట. అవన్నీ ఈ గ్లూకోజు బాటిళ్లతోనే ఇవ్వాలంటే రోజుకు 15 బాటిళ్లు, అంటే ఏడున్నర లీటర్ల నీళ్లు ఎక్కించాలి. అంత నీరు ఎక్కితే మనిషి ఉబ్బిపోయి ఊపిరాడక అవస్థపడాల్సిందే. పైగా అందులో మాంసకృత్తులు సున్నా.

వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవాళ్లకు ఆ బాటిలే ప్రాణం నిలబెడుతుంది. దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ అది అన్నం కాదు.

మరి నిజంగానే నోటితో తినడానికీ, ముక్కులోంచి గొట్టం వేసి పొయ్యడానికీ వీల్లేని పరిస్థితి వస్తే? పేగే పనిచేయకపోతే? అప్పుడు అన్నాన్నే నరంలోకి ఎక్కిస్తారు. మాటల్లో నరం అంటున్నాను గానీ అది సిర, రక్తం ప్రవహించే గొట్టం. ఈ పద్ధతిని డాక్టర్లు పేరెంటరల్ న్యూట్రిషన్ అంటారు. పోషణ మొత్తం దాని మీదే ఆధారపడితే టి.పి.ఎన్. అంటారు. పోయినేడాది మా పెద్దవదినకు 26 రోజులు ఇలాగే ఆహారం అందింది. మా వారికి అక్కగారు ఆవిడ. పేగు మెలిపడి, కొంత భాగం నల్లబడిపోతే కోసి తీసేశారు. కుట్టినచోట లీకయింది. అది మానేదాకా కడుపులోకి ఏమీ వెళ్లకూడదన్నారు. ఆవిడ కూతురూ నేనూ వంతులవారీగా ఆస్పత్రిలో ఉన్నాం. నాకు కథలు రాసే అలవాటుంది కదా, పక్కన చిన్న నోటు పుస్తకం ఉంటుంది. ఆ రోజుల్లో అందులో కథలేమీ రాలేదు. సిస్టర్లు ఏం చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు అని అడిగి రాసుకున్నవే ఉన్నాయి. రేపు మన ఇళ్లలో ఎవరికైనా ఈ అవసరం పడితే పనికొస్తాయని ఇక్కడ చెబుతున్నాను.

సంచిలో ఏముంది?

గాజు బాటిల్ కాదు, పెద్ద ప్లాస్టిక్ సంచి. అందులో మూడు అరలు. ఒక దాంట్లో గ్లూకోజు, ఒక దాంట్లో అమైనో ఆమ్లాలు, అంటే మాంసకృత్తులు అరిగాక మిగిలే రూపం. మూడో దాంట్లో తెల్లటి కొవ్వు ద్రవం. ఎక్కించే ముందు సిస్టర్ సంచిని చుట్టచుట్టి నొక్కితే మధ్యనున్న అతుకులు వీడి మూడూ కలిసిపోతాయి. పాలలాగా తయారవుతుంది. ఆపైన విటమిన్లు, జింకు, రాగి లాంటి ఖనిజాలు కలుపుతారు. మన పళ్లెంలో అన్నం, పప్పు, నెయ్యి, కూర ఉన్నట్టే అన్నమాట. కాకపోతే నమలడం, అరగడం అనే పనులన్నీ ముందే అయిపోయి ఉంటాయి.

ఇందులోని కొవ్వు సాధారణంగా సోయా నూనె. అది నీళ్లలో కలిసి ఉండడానికి గుడ్డు సొనలోంచి తీసిన పదార్థం వాడతారు. అందుకే, "గుడ్డు పడదా? సోయా పడదా?" అని సిస్టర్ ముందే అడుగుతుంది. ఒంటికి పడని వస్తువేదైనా ఉంటే అప్పుడే చెప్పాలి. శాకాహారం పట్టింపు గట్టిగా ఉన్న కుటుంబాలవాళ్లు కూడా డాక్టరుతో అప్పుడే మాట్లాడుకోవడం మంచిది. సంచి తగిలించాక తెలిసి బాధపడి ప్రయోజనం లేదు.

ఇంత చిక్కటి ద్రవం ముంజేతి మీద వేసే చిన్న సూదిలోంచి ఎక్కిస్తే ఆ సన్నటి సిర వాచి, మంటపుట్టి పాడైపోతుంది. పలచగా తయారుచేసినవి కొద్దిరోజులపాటు చేతి సూదితో ఇస్తారు గానీ పూర్తి ఆహారానికి పెద్దదారి కావాల్సిందే. మెడ దగ్గరో, జబ్బ ఎముక కిందో, మోచేతి పైనో సన్నటి గొట్టం దూర్చి, దాని కొసను గుండెకు కాస్త పైనున్న పెద్ద సిరలో ఉంచుతారు. దీన్నే సెంట్రల్ లైను అంటారు. అక్కడ రక్తం జోరుగా పారుతుంది కాబట్టి చిక్కటి ద్రవం పడగానే కలిసిపోతుంది. కొస సరైన చోట ఉందా లేదా అని ఎక్స్‌రే తీసి చూసుకున్నాకే సంచి తగిలిస్తారు. "ఇంకా మొదలుపెట్టరేం?" అని మనం తొందరపడకూడదు.

కుక్కపిల్లలతో మొదలైన కథ

ఈ పద్ధతి అంత పాతదేం కాదు. స్వీడన్‌లో ఆర్విడ్ రెట్లిండ్ అనే డాక్టరు 1960ల మొదట్లో సోయా నూనెతో, సిరలోకి ఎక్కించినా ప్రమాదం లేని కొవ్వు ద్రవాన్ని తయారుచేశాడు. అదే దశాబ్దంలో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డుడ్రిక్ అనే యువ సర్జన్ బీగిల్ జాతి కుక్కపిల్లలకు నోటితో ఏమీ పెట్టకుండా అన్ని పోషకాలూ సిరలోకే ఎక్కించి పెంచాడు. అవి మామూలు పిల్లల్లాగే ఎదిగాయి. 1967లో ఫిలడెల్ఫియాలో చిన్నపేగు దాదాపు లేకుండానే పుట్టిన ఓ పసిపాపకు ఇదే పద్ధతిలో ఆహారం ఇచ్చారు. చిక్కి శల్యమైపోతున్న ఆ పాప బరువు పెరిగింది, ఎదిగింది. ఆ సంగతి 1968లో వైద్య పత్రికలో అచ్చయ్యాక ప్రపంచమంతా ఈ దారి పట్టింది. ఇప్పుడు నెలలు నిండకుండా పుట్టిన చంటిపిల్లలకు మొదటి రోజు నుంచే ఇలా ఆహారం ఇస్తున్నారంటే, దాని వెనక ఉన్నది ఆ ప్రయోగాలే.

ఆ సంచిలో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉందండోయ్! అందులో కలిపే విటమిన్లలో ఫోలిక్ ఆమ్లం ఒకటి. దాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. తిన్నది ఒంటికి పట్టకుండా చేసే స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నగారిని బలిగొంది. ఆ జబ్బు చికిత్సలో ఫోలిక్ ఆమ్లం ఒక మందయింది.

మొదటి రోజు తక్కువే ఎందుకు?

వదినకు మొదటి రోజు చాలా నెమ్మదిగా, కొద్దిగానే ఎక్కించారు. మా బంధువొకాయనకు కోపం వచ్చేసింది. "వేలకు వేలు తీసుకుంటూ సగం సంచి కూడా ఎక్కించరా?" అని గొడవకు దిగారు. డ్యూటీలో ఉన్న సిస్టరమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "పదిరోజులు పస్తున్న మనిషికి ఒక్కసారిగా ఆహారం ఇస్తే మంచికంటే చెడు ఎక్కువ జరుగుతుందండీ" అని.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. చాలాకాలం తిండిలేక ఉన్న ఒంట్లోకి ఒక్కసారిగా గ్లూకోజు వచ్చిపడితే, దాన్ని వాడుకునే హడావుడిలో రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోయి రక్తంలో అమాంతం పడిపోతాయి. గుండె లయ తప్పవచ్చు, ఊపిరి తీసే కండరాలు సోలిపోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం చివర శిబిరాల్లో ఆకలితో మాడి బయటపడినవాళ్లలో కొందరు, కడుపునిండా తిన్న తర్వాతే చనిపోయారు. అందుకే ముందు బి1 విటమిన్ ఇచ్చి, రోజూ రక్తపరీక్షలు చేస్తూ, మెల్లగా పెంచుకుంటూ పోతారు. లంఖణం చేసినవాళ్లకి జావతో మొదలుపెట్టే మన పెద్దవాళ్ల పద్ధతికీ దీనికీ చుట్టరికం ఉంది కదూ!

సిస్టర్ చేసే పని

సంచి రాయడం డాక్టరు పని. దాన్ని ప్రమాదం లేకుండా మనిషిలోకి చేర్చడం నర్సు పని. ఇరవై నాలుగు గంటలూ సాగే పని ఇది. నోటితో తిన్నది చెడ్డదైతే వాంతయినా అవుతుంది, పేగుల్లో ఆపే కాపలా ఉంది. సిరలోకి ఎక్కేదానికి ఆ కాపలా లేదు, నేరుగా గుండెకే వెళుతుంది. చక్కెర, కొవ్వు, మాంసకృత్తులు మనకెంత బలమో సూక్ష్మజీవులకూ అంతే బలం. అందుకే ఇక్కడ శుభ్రతే మొదటి మందు.

నేను చూసినంతవరకు పద్ధతిగా చేసే సిస్టర్ ముందు చేతులు కడుక్కుంటుంది. సంచి మీద పేరు, తేదీ డాక్టరు రాసిన చీటీతో సరిచూస్తుంది. ఎక్కడైనా కారుతోందా, పైన నూనె విడిపోయి పచ్చటి చారలు కట్టిందా అని వెలుతురులో పట్టి చూస్తుంది. చారలు కనిపిస్తే ఆ సంచి పనికిరాదు. గొట్టం తగిలించే ముందు లైను మూతిని స్పిరిటుతో కనీసం 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనిస్తుంది. ఆరనివ్వడం కూడా శుభ్రతలో భాగమే.

సంచి తగిలించాక 24 గంటలకు మించి ఉంచరు. కొంచెం మిగిలినా తీసి పారేయాల్సిందే. "అయ్యో, అంత ఖరీదైనది!" అని ప్రాణం ఉసూరుమంటుంది గానీ తప్పదు. సంచితోపాటు గొట్టం కూడా మారుస్తారు. మధ్యలో ఉండే చిన్న బిళ్లలాంటి జల్లెడ గట్టిపడిన రేణువుల్ని, గాలి బుడగల్ని లోపలికి పోనివ్వదు. విటమిన్లు వెలుతురుకు చెడిపోకుండా కొన్నిచోట్ల సంచికి ముసుగు వేస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్లు "ఇదేమిటి, కప్పెట్టారు?" అని తీసి చూడకూడదు.

చుక్కలు లెక్కపెట్టే పని పంపు మిషను చేస్తుంది. ఒకటిన్నర లీటరు సంచి రోజంతా ఎక్కాలంటే గంటకు 60 మిల్లీలీటర్ల చిల్లర వేగం. స్కానింగుకు తీసుకెళ్లినప్పుడు గంటసేపు ఆగిందనుకోండి, ఆ లోటు తీర్చడానికి వేగం పెంచకూడదు. రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగురుతుంది. అలాగే ఉన్నట్టుండి ఆపేస్తే, అలవాటుపడ్డ ఒంట్లో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. కొత్త సంచి రావడం ఆలస్యమైతే అంతవరకూ 10 శాతం గ్లూకోజు పెట్టి నిలబెడతారు. మొదటి రోజుల్లో నాలుగైదు గంటలకోసారి వేలికి సూది గుచ్చి షుగరు చూసేది అందుకే. మా వదినకు అంతకుముందు షుగరు జబ్బు లేదు. అయినా మూడోరోజు 200 దాటితే ఇన్సులిన్ ఇచ్చారు. "నాకు షుగరొచ్చిందా?" అని ఆవిడ బెంగపెట్టుకుంది. ఆహారం ఆగాక అదీ ఆగింది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆహారం వెళ్లే దారిలో ఇంకేదీ వెళ్లకూడదు. ఆ దారిలోంచి రక్తం తీయడం, యాంటీబయాటిక్ ఎక్కించడం, సంచిలోకి ఏదైనా ఇంజెక్షను కలపడం పనికిరాదు. లైనుకు రెండు మూడు నోళ్లుంటే ఒకటి ఆహారానికే కేటాయిస్తారు. రోజూ ఒకే వేళకు బరువు చూస్తారు. ఒక్క రోజులో కిలో పెరిగిందంటే అది కండ కాదు, నీరు చేరిందని అర్థం. ఎంత ఎక్కింది, మూత్రం ఎంత పోయింది, కడుపు గొట్టంలోంచి ఎంత వచ్చింది అని లెక్క రాస్తారు. "టాయిలెట్‌కి వెళ్లొచ్చేసింది, కొలవడం మరిచిపోయాం" అని మనం అంటే ఆ లెక్కంతా తప్పుతుంది.

పన్నెండో రాత్రి

పన్నెండో రోజు రాత్రి రెండు గంటలప్పుడు వదినకు పళ్లు కటకటలాడేలా చలి పుట్టింది. దుప్పటి మీద దుప్పటి కప్పాను. అవతలి మంచం దగ్గరున్న పెద్దావిడ, "ఏసీ ఎక్కువైంది, అంతే" అంది. సిస్టర్ మాత్రం దుప్పట్లు కప్పి ఊరుకోలేదు. జ్వరం చూసింది, 102. గొట్టం పెట్టినచోట పారదర్శకంగా ఉన్న ప్లాస్టరులోంచి చూసింది. ఎర్రగా లేదు, చీము లేదు. అయినా వెంటనే డ్యూటీ డాక్టర్ని పిలిచింది. పైన చర్మం బాగానే ఉన్నా లోపల లైనుకు సూక్ష్మజీవులు పట్టి ఉండవచ్చట.

లైనులోంచి ఒకటి, చేతి సిరలోంచి ఒకటి రక్తం తీసి కల్చరుకు పంపారు. యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఆ లైను తీసేసి తర్వాత రెండో పక్క కొత్తది వేశారు. తెల్లారేసరికి బి.పి. పడిపోయి ఐసీయూకి మార్చారు. ఆ రెండు రోజులు మా వారు ఆస్పత్రి మెట్ల మీదే కూర్చున్నారు. మూడోరోజుకి వదిన కళ్లు తెరిచి మాట్లాడింది. ఆ వణుకును చలి అనుకుని తెల్లారేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయం. సెంట్రల్ లైను ఉన్న మనిషికి వణుకు, జ్వరం వస్తే అది లైను వల్ల కాదని తేలేదాకా లైను వల్లేనని అనుమానించాలి. ఈ ఒక్కమాట గుర్తుపెట్టుకోండి.

ఇలాంటి ఇన్ఫెక్షన్లు తప్పవని ఒకప్పుడు పెద్ద పెద్ద దేశాల్లోనే సరిపెట్టుకునేవారు. అమెరికాలో పీటర్ ప్రొనొవోస్ట్ అనే డాక్టరు, ఆయన బృందం మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో ఒక చిన్న పట్టీ అమలు చేయించారు. చేతులు కడుక్కోవడం, లైను వేసేటప్పుడు మనిషిని నిలువునా శుభ్రమైన గుడ్డతో కప్పి టోపీ, మాస్కు, గౌను వేసుకోవడం, క్లోరెక్సిడిన్‌తో చర్మం శుభ్రం చేయడం, వీలైనంతవరకు గజ్జల్లో లైను వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. ఈ అయిదే! ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. ఏడాదిన్నరలో ఈ ఇన్ఫెక్షన్లు 66 శాతం వరకు తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు. ఇంకో విశేషం, డాక్టరు ఆ పట్టీలో ఏదైనా మెట్టు వదిలేస్తే "ఆగండి" అనే హక్కు నర్సుకు ఇచ్చారు. మన ఆస్పత్రుల్లో ఎంతమంది సిస్టర్లు ఆ మాట ధైర్యంగా అనగలరంటారు?

"ఆకలిగా ఉంది, అమ్మాయ్"

ఒంటికి కావలసినవన్నీ అందుతున్నా నోటికి ఆకలి ఉంటుంది. పక్క మంచం వాళ్లు టిఫిన్ క్యారియరు మూత తీస్తే చాలు, వదిన మొహం గోడవైపు తిప్పుకునేది. "ఆకలిగా ఉంది, అమ్మాయ్. కాస్త గోంగూర పచ్చడి నాలిక్కి రాస్తే చచ్చిపోతానా?" అని ఓ మధ్యాహ్నం అడిగింది. వందమందికి వండి వడ్డించిన మనిషి. ఏం చెప్పను?

చూడ్డానికి వచ్చిన పిన్నిగారొకావిడ "దొంగతనంగా రెండు గుక్కలు కొబ్బరినీళ్లు పోస్తే ఏమవుతుంది?" అంటూ గ్లాసు తీసింది కూడా. సిస్టర్ చూసి గ్లాసు పక్కన పెట్టించింది. కుట్టు లీకయిన పేగులోకి గుక్కెడు నీళ్లు వెళ్లినా పొట్టలోకి కారి చీము పడుతుంది. అది ప్రేమగా పోసినా అంతే.

ఆ సిస్టరే మాకు కొన్ని దారులు చెప్పింది. తినకపోయినా రెండుపూటలా పళ్లు తోమించాలి. తినని నోట్లోనే సూక్ష్మజీవులు ఎక్కువ పెరుగుతాయట. తడిగుడ్డతో నాలుక తుడవడం, పెదాలకు కాస్త కొబ్బరినూనె రాయడం, డాక్టరు ఒప్పుకుంటే నీళ్లు పుక్కిలించి ఉమ్మేయడం. భోజనాల వేళకు మంచాన్ని కిటికీవైపు తిప్పించింది. ఆ వేళకే నేను వదినకు ఏదో ఒక కథ చదివి వినిపించేదాన్ని. నడవగలిగినప్పుడు స్టాండు పట్టుకుని వరండాలో నాలుగడుగులు వేయించేవాళ్లం. కండకు పని లేకపోతే ఎక్కించిన మాంసకృత్తులు కండగా మారవు మరి.

అటెండెంటుగా మనం ఏం చెయ్యాలి?

మంచం దగ్గరకు వచ్చిన ప్రతివాళ్లూ, మనతో సహా, చేతులు కడుక్కోవాలి. చంటిపిల్లల్ని, జలుబు జ్వరం ఉన్నవాళ్లని తీసుకురావద్దని ముందే ఫోనులో చెప్పేయండి. మొహమాటపడకండి.

గొట్టాన్ని, పంపు బటన్లను మనం ముట్టుకోకూడదు. మిషను కూత పెడితే నొక్కి ఆపేయకుండా సిస్టర్ని పిలవాలి. పొరపాటున గొట్టం ఊడితే దానిమీదున్న క్లిప్పు నొక్కి మూసి, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, కేకేయాలి. తిరిగి మనమే తగిలించకూడదు.

ప్లాస్టరు అంచు లేచినా, తడిసినా, చెమటకు ఊడినా వెంటనే చెప్పాలి. పారదర్శకమైనది మామూలుగా వారానికోసారి, గాజుగుడ్డ కట్టు అయితే రెండు రోజులకోసారి మారుస్తారు. తడిస్తే మాత్రం ఆ లెక్క లేదు, అప్పుడే మార్చాలి. స్నానం బదులు ఒళ్లు తుడిచేటప్పుడు ఆ భాగాన్ని తడపకండి.

వణుకు, జ్వరం, గొట్టం దగ్గర నొప్పి, ఎరుపు, ఆ చెయ్యి గానీ మెడ గానీ వాయడం, ఆయాసం, ఉన్నట్టుండి చెమటలు పట్టి మాట తడబడటం, విపరీతమైన దాహం, కాళ్ల వాపు, కళ్లు పచ్చబడటం... వీటిలో ఏది కనిపించినా ఉదయం రౌండ్స్ దాకా ఆగకండి. ఎక్కువకాలం ఇలా ఆహారం ఎక్కితే కాలేయం మీద భారం పడుతుంది. అందుకే మధ్యమధ్య లివరు పరీక్షలు, కొవ్వు పరీక్షలు చేస్తుంటారు.

రోజూ డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "ఈ లైను ఇవాళ కూడా అవసరమేనా? నోటితో ఎప్పుడు మొదలుపెట్టవచ్చు?" అని. ఇది నిలదీయడం కాదు, వాళ్లు కూడా రోజూ వేసుకోవాల్సిన ప్రశ్నే.

పేగు ఉంటే పేగుకే

పేగు పనిచేస్తున్నంతవరకు పేగుకే ఆహారం ఇవ్వాలన్నది వైద్యంలో పెద్ద సూత్రం. వాడని పేగు లోపలి పొర పలచబడిపోతుంది. నోటితో తినలేకపోయినా ముక్కు గొట్టంతో ఇవ్వగలిగితే అదే మేలు. ఖర్చు తక్కువ, ప్రమాదమూ తక్కువ. పేగులకు అడ్డం పడినవాళ్లు, చాలాభాగం పేగు తీసేసినవాళ్లు, కుట్లు లీకయినవాళ్లు, నెలలు నిండని పసివాళ్లు... వీళ్లకు మాత్రమే సిరలోంచి ఇవ్వక తప్పదు. కాబట్టి "కాస్త బలానికి అమైనో ఆమ్లాల బాటిల్ పెట్టండి డాక్టరుగారూ" అని నడిచివెళ్లి అడగడం తెలివైన పని కాదు. నమిలి తినగలిగిన మనిషికి ముద్దపప్పు, గుడ్డు, గ్లాసుడు పాలు చేసే మేలు ఏ బాటిలూ చెయ్యదు.

వదినకు ఇరవయ్యో రోజున చెంచాడు చెంచాడు నీళ్లతో మొదలుపెట్టారు. తర్వాత పలుచటి మజ్జిగ, బియ్యపు జావ. నోటితో తీసుకునేది సగానికి పైగా అయ్యాకే సంచి తగ్గించుకుంటూ వచ్చి, 26వ రోజున లైను తీసేశారు. ఇప్పుడావిడ కొద్దికొద్దిగా రోజుకు ఆరుసార్లు తింటోంది. గోంగూర పచ్చడి కూడా, కారం తగ్గించి.

ఆ రాత్రి డ్యూటీ చేసిన సిస్టరుది ప్రకాశం జిల్లా. పన్నెండు గంటల డ్యూటీ. ఒక్కతే ఎనిమిది మంచాలు చూసుకుంటోంది. అయినా ప్రతిసారీ చేతులు కడుక్కోవడం మానలేదు, మూతి రుద్దడంలో తొందరపడలేదు. మనం డిశ్చార్జి అయి వచ్చేటప్పుడు పెద్ద డాక్టరుగారికి శాలువా కప్పి, స్వీటు బాక్సు ఇచ్చి వస్తాం. మంచిదే. కానీ అక్కడున్నన్నాళ్లూ సిస్టర్ మందు కలుపుతుంటే "మా బెడ్‌షీటు మార్చలేదేం?" అని కేకలేసి ఆమెను తొందరపెట్టకుండా ఉంటే చాలు, ఆ పదిహేను సెకన్లు మన మనిషికే దక్కుతాయి. ఒక్కో సిస్టరుకు ఎన్ని మంచాలు ఇస్తున్నారని ఆస్పత్రివాళ్లను అడగండి. గది అద్దె, ఏసీ సంగతులు అడిగినట్టే ఇదీ అడగండి. అడిగేవాళ్లు పదిమందయితే వాళ్లకూ ఆలోచన వస్తుంది.